పక్కన పెట్టిన టేకులు ఎవరి సొత్తు? విడుదల కాని రాక్ రికార్డింగుల హక్కులపై తరచూ అడిగే ప్రశ్నలు

1974 సెప్టెంబరులో బాబ్ డిలన్ న్యూయార్క్‌లోని ఏ అండ్ ఆర్ స్టూడియోలో నాలుగు రోజులు కూర్చుని ఒక ఆల్బమ్ పాడేశాడు. టెస్ట్ ప్రెస్సింగులు వచ్చాయి, అట్టలు అచ్చయ్యాయి. అంతా అయ్యాక మనసు మారింది. డిసెంబరు చివర్లో మినియాపొలిస్‌లోని సౌండ్ 80 స్టూడియోకి వెళ్లి, అక్కడి వాయిద్యకారులతో అయిదు పాటలు మళ్లీ పాడాడు. 1975 జనవరిలో వచ్చిన 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్'లో సగం ఒక ఊరిది, సగం ఇంకో ఊరిది. న్యూయార్క్‌లో మిగిలిపోయిన టేకుల్లో ఒకటీ అరా మధ్యలో బయటికొచ్చినా, మొత్తం వినడానికి మనం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 'మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్' అనే ఆరు సీడీల పెట్టె అది.

ఆ నలభై నాలుగేళ్లూ ఆ టేకులు ఎవరివి? ఎవరైనా అచ్చు వేసి ఉంటే తప్పయ్యేదా? వాటి గడువు ఎప్పుడు తీరుతుంది? పాత రాక్ రికార్డులు పోగుచేసే మనవాళ్లు, సొంతంగా పాటలు కట్టుకునే కుర్రాళ్లు అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైనవి ఇవి.

అవుట్‌టేక్, బూట్‌లెగ్ రెండూ ఒకటేనా?

కాదు. స్టూడియోలో రికార్డు చేసి ఆల్బమ్‌లో చేర్చనిది అవుట్‌టేక్. అది ఆల్బమ్‌లో ఉన్న పాటకే ఇంకో టేకు కావచ్చు, అసలు ఎక్కడా రాని పాటే కావచ్చు. అలాంటిదాన్ని హక్కుదారుకు చెప్పకుండా అచ్చు వేసి అమ్మితే బూట్‌లెగ్. విడుదలైన రికార్డునే దొంగచాటుగా కాపీ కొట్టి అమ్మితే అది పైరసీ. కొట్లో మూడూ ఒకే డబ్బాలో కనిపించవచ్చు గానీ చట్టం వాటిని వేర్వేరు దారుల్లో పట్టుకుంటుంది.

పాట రాసింది గాయకుడు, స్టూడియో ఖర్చు కంపెనీది. టేకు ఎవరిది?

ఇక్కడ రెండు ఆస్తులున్నాయి. ఒకటి పాట, అంటే మాటలూ బాణీ. రెండోది ఆ రోజు ఆ గదిలో టేపు మీద పడిన ధ్వని. రాక్‌లో రాసేవాడూ పాడేవాడూ తరచుగా ఒకడే కావడంతో ఈ గీత కనబడదు. మనకు మాత్రం ఇది కొత్తేమీ కాదు. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు అందినప్పుడు ఇంటింటా ఇదే చర్చ జరిగింది. వేలసార్లు పాడినంత మాత్రాన పాట పాడినవాడిది అయిపోదు.

పాట హక్కు రచయితది, లేదా అతను రాసిచ్చిన పబ్లిషింగ్ సంస్థది. టేపు మీది ధ్వని హక్కు మామూలుగా రికార్డు కంపెనీది. పాతకాలపు అమెరికన్ ఒప్పందాలు చూస్తే, ఒప్పందం నడిచినన్నాళ్లూ కళాకారుడు రికార్డు చేసిన ప్రతిదీ కంపెనీదే అన్న షరతు ఉంటుంది. ఆల్బమ్‌లోకి ఎక్కిందా లేదా అన్న తేడా ఆ షరతుకు లేదు. పారేసిన టేకు కూడా గోదాము సరుకే. అందుకే ఈ ఆస్తులు విడివిడిగా అమ్ముడవుతాయి. డిలన్ తన పాటల హక్కుల్ని 2020 డిసెంబరులో యూనివర్సల్‌కు అమ్మాడు. రికార్డింగుల హక్కుల్ని మరుసటి ఏడాది సోనీకి అమ్మాడు. కొన్నది రెండు వేర్వేరు కంపెనీలు, పాడింది ఒకే గొంతు. ఇప్పుడు ఒక పాత టేకు బయటికి రావాలంటే ఇద్దరి లెక్కలూ కుదరాలి.

మన చట్టంలో, అంటే 1957 కాపీరైట్ చట్టంలో, సౌండ్ రికార్డింగుకు కర్త నిర్మాత. చొరవ చూపి, బాధ్యత నెత్తిన వేసుకుని రికార్డు చేయించినవాడన్న మాట.

గాయకుడు వద్దన్నా కంపెనీ విడుదల చేసేయొచ్చా?

ఒప్పందంలో అడ్డు లేకపోతే చేసేయొచ్చు. చేసిన సందర్భమూ ఉంది. 1973లో డిలన్ కొలంబియాను వదిలి అసైలం అనే కొత్త కంపెనీకి వెళ్లాడు. కొలంబియా ఆ నవంబరులోనే 'డిలన్' పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చింది. అంతకు మూడు నాలుగేళ్ల ముందు వేరే ఆల్బమ్‌ల సెషన్లలో పాడి పక్కన పడేసిన టేకులే అందులో ఉన్నవి. ఒక్క పాటా అతను రాసింది కాదు, అన్నీ ఇతరుల పాటలూ జానపదాలూ. వెళ్లిపోయినవాడి మీద కసి తీర్చుకోవడానికే తెచ్చారని విమర్శకులు అప్పుడే రాశారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ టేపులు కంపెనీవి, ఆ పాటల రచయితలకు రాయల్టీ కడితే సరిపోతుంది. చట్టం దృష్టిలో అందులో తప్పేమీ లేదు. డిలన్ 1974లో మళ్లీ కొలంబియా గూటికే చేరాడు. 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్' కొలంబియా రికార్డే.

తరవాతి కాలంలో పేరున్న కళాకారులు నా అనుమతి లేనిదే అవుట్‌టేక్ బయటికి రాకూడదు అనే షరతు రాయించుకోవడం మొదలుపెట్టారు. పేరు లేనివాళ్లకు ఆ బేరం ఇప్పటికీ కష్టమే.

పాత ఒప్పందం కాగితమే దొరక్కపోతే?

కాగితం లేనంత మాత్రాన హక్కు పోదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1970ల తొలినాళ్లలో, ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో చేసిన రికార్డింగుల్ని బ్రిటన్‌లో కొందరు సీడీలుగా అమ్మకానికి పెట్టారు. అతను లండన్ హైకోర్టుకు వెళ్లి 1998లో గెలిచాడు. వాళ్లు అప్పీలుకు వెళ్లి, హక్కు బదిలీ పత్రం అసలు ప్రతి లేదు కదా అని వాదించారు. 2001లో అప్పీలు కోర్టు ఇతర ఆధారాలు చాలన్నది. ముప్పై ఏళ్ల కిందటి సంతకాన్ని సాక్షులతో, చుట్టుపక్కల పత్రాలతో రుజువు చేయడం ఎంత ఖర్చో చెప్పక్కర్లేదు. కాగితం భద్రంగా దాచుకోవడమే చవక.

ఉందో లేదో తెలియని రికార్డింగుకు హక్కేమిటి?

రికార్డు అయిన క్షణాన హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయనక్కర్లేదు, విడుదల చేయనక్కర్లేదు, చివరికి యజమానికి గుర్తుండనక్కర్లేదు కూడా. మళ్లీ స్ప్రింగ్‌స్టీన్ కథే చెప్పాలి. 1982లో తన ఇంట్లో నాలుగు ట్రాకుల టాస్కామ్ క్యాసెట్ యంత్రం మీద ఒంటరిగా పాడుకున్న పాటలే 'నెబ్రాస్కా' ఆల్బమ్ అయ్యాయి. వాటినే బ్యాండుతో కూడా రికార్డు చేశారని నలభై ఏళ్లుగా అభిమానులు చెప్పుకుంటూనే ఉన్నారు. 2025లో ఒక పత్రిక అడిగితే అలాంటిదేమీ లేదన్నాడు. కొన్నాళ్లకే, గోదాములో వెతికించాను, ఉంది అని అదే పత్రికకు మెసేజ్ పంపాడు. ఆ అక్టోబరులో అది విడుదలైంది కూడా. లేదనుకున్న రోజుల్లో కూడా దాని హక్కులు చెక్కుచెదరలేదు.

టేపు నా చేతిలో ఉంది. నాది కాదా?

రీలు మీది కావచ్చు. దాని మీది ధ్వని మీది కాదు. ఉత్తరం అందుకున్నవాడికి కాగితం సొంతమవుతుంది తప్ప దాన్ని అచ్చు వేసే హక్కు రాదు, ఇదీ అంతే.

ఈ తేడా తెలియకనో, తెలిసి కూడా తెగించో, గాయకుడు ప్రిన్స్ దగ్గర పనిచేసిన ఒక సౌండ్ ఇంజనీరు 2017 ఏప్రిల్లో, ప్రిన్స్ పోయిన ఏడాదికి, తన దగ్గరున్న కొన్ని రికార్డింగుల్ని 'డెలివరెన్స్' పేరుతో విడుదల చేయబోయాడు. తను చేయి వేసి పూర్తి చేసిన పాటలవి అన్నది అతని వాదన. కానీ పనిలో చేరేటప్పుడు అతను ఒక గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టాడు. సెషన్లో పుట్టిందంతా ప్రిన్స్ సొత్తేనని అందులో ఉంది. మినెసోటాలోని ఫెడరల్ కోర్టు విడుదలను ఆపేసింది. స్టూడియోలో పనిచేసేవాళ్లు ఇంటికి తీసుకెళ్లే హార్డ్ డిస్కుల గురించి ఆలోచించేటప్పుడు ఈ కేసు గుర్తు పెట్టుకోవాలి.

ఎక్కడా విడుదల కాని పాటను మా బ్యాండు కవర్ చేయొచ్చా?

విడుదలైన పాటకూ కాని పాటకూ మధ్య గట్టి తేడా వచ్చేది ఇక్కడే. అమెరికాలో ఎవరి పాటనైనా కవర్ రికార్డు చేయడానికి యజమానిని బతిమాలుకోనక్కర్లేదు. నోటీసిచ్చి, చట్టం నిర్ణయించిన రాయల్టీ కడితే చాలు. అయితే హక్కుదారు అనుమతితో ఆ పాట ఒక్కసారైనా జనంలోకి వచ్చి ఉండాలి. మొట్టమొదటిసారి విడుదల చేసే హక్కు పూర్తిగా యజమానిదే. బూట్‌లెగ్‌లో వచ్చింది కదా అంటే కుదరదు. అది అతని అనుమతితో వచ్చింది కాదు.

1967లో డిలన్, తరవాత 'ద బ్యాండ్' అయిన మిత్రులతో కలిసి వుడ్‌స్టాక్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంట్లో పాటల మీద పాటలు రికార్డు చేశాడు. అతని పబ్లిషింగ్ సంస్థ అందులో కొన్నింటిని ఎసిటేట్ డిస్కుల మీద ఇతర గాయకులకు పంపింది, నచ్చితే పాడుకోండి అని. అలా వెళ్లిన ఒక పాటను మాన్‌ఫ్రెడ్ మాన్ బృందం పాడితే 1968లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అదే 'మైటీ క్విన్'. డిలన్ బేస్‌మెంట్లో పాడిన రూపమేమో 1985 దాకా అధికారికంగా రాలేదు. ఆ మధ్యకాలమంతా పాట విడుదలైనట్టు, టేకు విడుదల కానట్టు. పాటను ఎవరైనా రాయల్టీ కట్టి పాడుకోవచ్చు, టేకును మాత్రం ముట్టుకోకూడదు. ఈ ఒక్క ఉదాహరణ వంటబడితే మిగతా ప్రశ్నలు సగం విడిపోతాయి.

మన దగ్గర 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ కవర్ వెర్షన్ల సంగతి చూస్తుంది. హక్కుదారు అనుమతితో తొలి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీలకు లెక్కగట్టి రాయల్టీ కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటను మార్చకూడదు. పొట్లాడి గెలిచే ఓపిక ఉంటే ఈ సెక్షన్‌ను అడ్డం పెట్టుకుని విడుదల కాని పాట మీదికి వెళ్లొచ్చని ఎవరైనా వకీలు అనవచ్చు. నన్నడిగితే వద్దంటాను. కొత్త బ్యాండుకు 50,000 కాపీల రాయల్టీయే మోయలేని బరువు.

విడుదల కాని టేకుకు గడువు ఎప్పుడు తీరుతుంది?

దేశానికో లెక్క. 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్'నే పట్టుకుని చూద్దాం.

యూరప్‌లో రికార్డు చేసిన నాటి నుంచి 50 ఏళ్లు. ఆ లోపు విడుదలైతే, విడుదలైన నాటి నుంచి 70 ఏళ్లు. 50 ఏళ్లలో బయటికి రాకపోతే హక్కు ఆవిరి. ఈ మార్పు 2011 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశంతో వచ్చింది. 1975లో వచ్చిన ఆల్బమ్ టేకుల గడువు 2045 చివరికి తీరుతుంది. 2018లో తొలిసారి బయటపడ్డ న్యూయార్క్ టేకులకు 2088 చివరిదాకా రక్షణ. ఇంకో ఆరేళ్లు పెట్టెలోనే ఉంచి ఉంటే 2024 చివరికే అవి ఎవరి సొత్తూ కాకుండా పోయేవి.

మన దేశంలో సౌండ్ రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆల్బమ్ టేకులకు 2035 చివరిదాకా, 2018 నాటి టేకులకు 2078 చివరిదాకా. విడుదలే చేయకపోతే ఈ గడియారం కదలదు. ఇది మన చట్టంలో ఒక వింత. దాచుకున్నవాడికి గడువే లేదు.

అమెరికాలో 1975 ఆల్బమ్‌కు 95 ఏళ్లు, అంటే 2070 చివరిదాకా. 1974లో రికార్డయి 1978 నాటికి కూడా విడుదల కాని టేకుల్ని కంపెనీ కోసం చేసిన పనిగా లెక్కిస్తే, రికార్డయిన నాటి నుంచి 120 ఏళ్లు, విడుదలైన నాటి నుంచి 95 ఏళ్లలో ఏది ముందైతే అది. ఇక్కడ 2094 వస్తుంది.

ఎక్కడ చూసినా ఫలితం ఒకటే. గాయకుడు బాగోలేదని పక్కన పెట్టిన టేకుకు, బాగుందని ఎంచుకున్న టేకు కంటే ఆయుష్షు ఎక్కువ. ఇది రికార్డింగు లెక్క మాత్రమే. పాట హక్కు రచయిత బతికున్నన్నాళ్లూ, మన దగ్గరైతే ఆ తరవాత ఇంకో 60 ఏళ్లూ విడిగా నడుస్తుంది.

వంద కాపీలు అచ్చు వేసి విడుదల చేశామంటే చెల్లుతుందా?

సోనీ అలాగే చేసింది. 2012 చివర్లో, 1962 నాటి డిలన్ టేపులకు 50 ఏళ్లు నిండబోతుండగా, యూరప్‌లో దాదాపు వంద ప్రతులు మాత్రమే వదిలింది. నాలుగు సీడీ-ఆర్‌లు, 80కి పైగా ట్రాకులు. దాచుకోవడం కూడా లేదు, ఉపశీర్షికలోనే కాపీరైట్ పొడిగింపు సంకలనం అని అచ్చు వేశారు. మరుసటి డిసెంబరులో బీటిల్స్ 1963 నాటి రికార్డింగులు 59 ఐట్యూన్స్‌లో హఠాత్తుగా ప్రత్యక్షమయ్యాయి, అదే కారణంతో. వాడుకోకపోతే జనానికి వదిలేయాలన్నది యూరప్ నియమంలోని ఉద్దేశం. వంద ప్రతులతో ఆ ఉద్దేశం ఎక్కడ నెరవేరింది? నియమం మాట నిలిచింది గానీ మనసు చచ్చింది.

అయితే ఈ హడావిడి వల్ల శ్రోతలకు లాభమూ కలిగింది. ఎలాగూ విడుదల చేయాలి కదా అని కంపెనీలు పద్ధతిగా పెట్టెలు తేవడం పెరిగింది. 1965, 66 సెషన్ల మొత్తాన్ని 18 సీడీల్లో 2015లో తెచ్చిన 'ద కటింగ్ ఎడ్జ్' ఆ వరసలోదే.

అమెరికాలో 1972కి ముందు రికార్డింగులకు రక్షణ లేదంటారు, నిజమేనా?

ఫెడరల్ చట్టం సౌండ్ రికార్డింగుల్ని కాపాడటం మొదలైంది 1972 ఫిబ్రవరి 15 నుంచి. అంతకు ముందువి రాష్ట్రాల చట్టాల దయ మీద ఉండేవి. 1969 వేసవిలో లాస్ ఏంజెలిస్‌లో పేరూ ఊరూ లేని తెల్ల అట్టలో రబ్బరు ముద్ర వేసి అమ్మిన 'గ్రేట్ వైట్ వండర్' పుట్టింది ఆ సందులోంచే. బేస్‌మెంట్ టేపుల్లోని పాటలు కొన్ని అందులో ఉన్నాయి. రాక్ బూట్‌లెగ్‌ల వ్యాపారానికి అదే మొదలు. 2018 అక్టోబరులో వచ్చిన మ్యూజిక్ మోడరనైజేషన్ చట్టం ఆ సందు మూసింది. 1957 నుంచి 1972 ఫిబ్రవరి 14 దాకా రికార్డయినవాటికి 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఇచ్చింది. కాబట్టి పాతది కదా అనే మాట ఇక చెల్లదు.

అమెరికాలో ఉన్న మా బావగారు ఒక బూట్‌లెగ్ రికార్డు తెస్తానంటున్నారు. ఇబ్బందా?

సొంతానికి వినడానికి ఒకే ఒక్క కాపీ తెచ్చుకుంటే మన చట్టంలోని 51వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పది తెచ్చి మిత్రులకు అమ్మితే కథ వేరు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. యూట్యూబ్‌లో ఎక్కించడం కూడా సొంతానికి వినడం కిందికి రాదు.

సమీక్షలో కాస్త వినిపించవచ్చా? 30 సెకన్లు పర్లేదంటారు కదా?

ఆ 30 సెకన్ల లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఎవరు పుట్టించారో గానీ ఊరంతా పాకింది. విమర్శకు, సమీక్షకు న్యాయంగా అవసరమైనంత వాడుకోవచ్చని మన 52వ సెక్షన్ చెబుతుంది. విడుదల కానిదాని విషయంలో చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకోవాలి. అమెరికా కోర్టులు 1980ల్లో ప్రచురణ కాని రచనల నుంచి ఉటంకించడంపై చాలా కటువుగా ఉండేవి. 1992లో చట్టాన్ని సవరించి, ప్రచురణ కాలేదన్న ఒక్క కారణం వాడకాన్ని అడ్డుకోదన్నారు. అయినా తూకంలో అది ఇప్పటికీ బరువే. న్యూయార్క్ టేకుల్లో చాలావాటిని డిలన్ కోరిక మీద రెండు మూడు శాతం వేగం పెంచి మాస్టర్ చేశారు, 2018 పెట్టెలో అసలు వేగంతో ఇచ్చారు. ఆ తేడా చెవికి పట్టించాలంటే రెండు చిన్న ముక్కలు పక్కపక్కన వినిపించాలి. అది సమీక్ష. పాట మొత్తం పెట్టి కింద ఒక వాక్యం రాస్తే అది సమీక్ష కాదు.

పక్కన వాయించినవాళ్లకు ఏమొస్తుంది?

చాలామందికి ఆ రోజు కూలి తప్ప ఇంకేమీ రాదు. మినియాపొలిస్‌లో వాయించిన ఆరుగురికి పేరు కూడా దక్కలేదు. అట్టలు ముందే అచ్చయిపోయాయి కాబట్టి వాటి మీద న్యూయార్క్ వాళ్ల పేర్లే ఉన్నాయి. 43 ఏళ్ల తరవాత వచ్చిన పెట్టెలో వీళ్ల పేర్లు చేరాయి. డబ్బు సంగతికొస్తే, అమెరికాలో డిజిటల్ రేడియో రాయల్టీలో 5 శాతం పక్క వాయిద్యకారులకు, గాయకులకు కలిపి వెళ్తుంది. యూరప్‌లో ఒకేసారి డబ్బు తీసుకుని వెళ్లిపోయినవాళ్ల కోసం, 50 ఏళ్లు దాటాక వచ్చే ఆదాయంలో 20 శాతం కంపెనీ పక్కన పెట్టాలి. 2011 ఆదేశంలో నాకు నచ్చినది ఇదొక్కటే.

నేను తెలుగులో సొంత పాటలు కట్టి స్టూడియోలో రికార్డు చేస్తున్నాను. ఏం జాగ్రత్త పడాలి?

మొదట, రికార్డింగుకు నిర్మాత ఎవరో రాసుకోండి. ఖర్చు మీరే పెట్టుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి. ఇంజనీరు దగ్గర మిగిలే ఫైళ్లు, రఫ్ మిక్స్‌లు మీవేనని, పని అయ్యాక అప్పగించాలని ఇంకో వాక్యం.

కంపెనీకి హక్కులు రాసిస్తుంటే మన కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ తప్పక చదవండి. ఏ పాట, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏయే ప్రాంతాలు, ఎంత రాయల్టీ, ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం మాత్రమే. అదే సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని నాలుగో ఉపసెక్షన్ ఒకటుంది. రాసిచ్చిన హక్కును కంపెనీ ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా లేకపోతే, ఆ బదిలీ రద్దయినట్టే. ఆల్బమ్‌లో చేర్చకుండా వదిలేసిన పాటల్ని వెనక్కి తెచ్చుకోవడానికి కొత్త రచయితకు ఇంతకంటే మంచి పట్టు లేదు. కంపెనీల ముసాయిదాల్లో ఈ ఉపసెక్షన్ వర్తించదు అన్న వాక్యం ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది. దాన్ని కొట్టేయించండి. కుదరకపోతే కనీసం విడుదల చేయని పాటలకు వర్తిస్తుందని రాయించండి.